సీఓపీడీ ఉన్నవాళ్ళు ఎవరి దగ్గర చూపించుకోవాలి? ఊళ్ళో డాక్టరు, ఛాతీ డాక్టరు, కార్పొరేట్ ప్యాకేజీ: ఒక పోలిక

మా అమ్మ మందులన్నీ బట్టల కొట్టువాళ్ళిచ్చిన ఒక సంచిలో ఉండేవి. రెండేళ్ళ కిందట సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఆ సంచిని మంచం మీద బోర్లించాను. నాలుగు చీటీలు, నలుగురు డాక్టర్లవి. ఒకే మందు రెండు కంపెనీల పేర్లతో ఉంటే రెండూ వేసుకుంటోంది. సగం ఖాళీ అయిన రోటాక్యాప్‌ల (పీల్చే పొడి మందు నింపిన బిళ్ళల) సీసా ఉంది. వాటిని పెట్టుకుని పీల్చే రోటాహేలర్‌కి మాత్రం కవరు కూడా చింపలేదు. "మరి ఈ బిళ్ళలు ఎలా వాడుతున్నావమ్మా?" అన్నాను. "నీళ్ళతో మింగుతున్నా. పొద్దునొకటి, రాత్రొకటి" అంది. మూడు నెలల నుంచీ అదే పని.

ఆ నలుగురూ మంచి డాక్టర్లే. ఒకాయన గుండె చూశాడు, ఒకాయన ఊపిరితిత్తులు చూశాడు, ఒకామె షుగర్ చూసింది, ఇంకొకాయన జ్వరానికి చూశాడు. ఒకరి చీటీ ఇంకొకరు చూడలేదు, అంతే. ఆ సంచిలో లేని మందు ఇంకొకటి ఫ్రిజ్ తలుపులో ఉంది. అసలు గొడవ దానితోనే. దాని సంగతి తర్వాత చెబుతాను.

అప్పటిదాకా మా ఇంట్లో ఎప్పుడూ ఒకటే చర్చ: "మంచి డాక్టరు ఎవరు?" ఆ సంచి చూశాక ప్రశ్న మార్చుకున్నాను. "ఈ సంచి మొత్తం ఎవరు చూస్తారు?" కింద రాసిన పోలికంతా ఆ ప్రశ్న చుట్టూ తిరిగేదే. నేను డాక్టర్ని కాదు. నాలుగు రకాల చోట్ల అమ్మ పక్కన కూర్చున్న మనిషిని.

ముందు ఊదించండి, డాక్టర్ని తర్వాత ఎంచుకుందురు

సీఓపీడీ అంటే ఊపిరి గొట్టాలు సన్నబడి, లోపలి గాలి సంచులు దెబ్బతిని, పీల్చిన గాలి బయటికి వదలడం కష్టమయ్యే జబ్బు. పూర్తిగా నయమయ్యేది కాదు. అదుపులో పెట్టుకుని బతకాల్సిన జబ్బు. బీడీలు, చుట్టలు, సిగరెట్లు తాగే మగవాళ్ళకే వస్తుందనుకుంటాం గానీ, మా అమ్మ జన్మలో పొగాకు ముట్టలేదు. పాతికేళ్ళు రంపపు పొట్టు పొయ్యి మీద ఇడ్లీలు వేసి అమ్మింది. మధ్యలో సీసా నిలబెట్టి చుట్టూ పొట్టు దట్టించి, సీసా మెల్లగా పైకి లాగేసి కింద అంటిస్తే ఆ పొయ్యి గంటలకొద్దీ కాలుతుంది. గంటలకొద్దీ పొగ కూడా. కట్టెలు, పిడకలు, ఊక, అన్నిటి పొగా అంతే. పాత టీబీ మచ్చలు, రైస్ మిల్లు దుమ్ము, క్వారీ దుమ్ము కూడా కారణాలవుతాయి. మన దేశంలో 1990లో సుమారు 2.8 కోట్ల మందికి ఉన్న ఈ జబ్బు 2016 నాటికి 5.5 కోట్ల మందికి చేరిందని అంచనా.

దీన్ని తేల్చే పరీక్ష ఒకటే, స్పైరోమెట్రీ. గొట్టంలోకి బలంగా ఊదమంటారు, ఊపిరి గొట్టాలు తెరుచుకునే మందిచ్చి కాసేపాగి మళ్ళీ ఊదమంటారు. మందు తర్వాత కూడా, మొత్తం ఊదిన గాలిలో మొదటి సెకనులో బయటికొచ్చింది 70 శాతం కంటే తక్కువైతే, లక్షణాలు కూడా సరిపోతే, సీఓపీడీ అంటారు. ఎక్స్‌రే చూసి తేల్చేది కాదు, స్టెత్ పెట్టి తేల్చేదీ కాదు. పైగా ఆస్తమా వేరు, ఇది వేరు, గుండె నీరసించి వచ్చే ఆయాసం ఇంకా వేరు. మూడింటినీ మన ఊళ్ళలో "ఆయాసం" అనే ఒక్క మాటలో కలిపేస్తాం. మందులు మాత్రం ఒకటి కావు.

దగ్గు రెండు వారాలు దాటితే దీనికంటే ముందు పీహెచ్‌సీలో కళ్ళె పరీక్ష చేయించండి. టీబీ కాదని తేలాలి. అది ఉచితం.

కాబట్టి ఎవరి దగ్గర చూపించుకున్నా, ఏడేళ్ళుగా ఆయాసం మందులు వాడుతూ ఒక్కసారి కూడా ఊదని మనిషి మీ ఇంట్లో ఉంటే, మొదట ఆ పరీక్షకి తీసుకెళ్ళండి. మిగతా ఎంపికలు ఆ కాగితం చేతికొచ్చాక చేసుకోవచ్చు.

ఆర్‌ఎంపీ: దగ్గర, కానీ సూదితో సరి

ఈయన్ని తిట్టడం తేలిక. రాత్రి పదింటికి తలుపు కొడితే లేచేది ఈయనే, అప్పు పెట్టేదీ ఈయనే. కానీ ఆయాసానికి ఆయన దగ్గర ఉండేది మామూలుగా డెరిఫిల్లిన్ సూది, స్టెరాయిడ్ సూది, ఒక సెలైన్. స్టెరాయిడ్ పడగానే నిజంగానే హాయిగా ఉంటుంది, అందుకే జనం మళ్ళీ వెళ్తారు. అలా నెలకి రెండుసార్లు పడితే షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి, కండ కరుగుతుంది. ఎక్కువ మోతాదు డెరిఫిల్లిన్ గుండె దడ పుట్టిస్తుంది. జబ్బు ఎదుగుతూనే ఉంటుంది.

ఆయన్ని 108కి ఫోన్ చేసి పంపించే మనిషిగా ఉంచుకోండి. డాక్టరుగా ఎంచుకోవద్దు.

పీహెచ్‌సీ, విలేజ్ క్లినిక్, బస్తీ దవాఖానా

చాలామంది చూడకుండానే కొట్టిపారేసే చోటు ఇది. నేనూ అలాగే కొట్టిపారేశాను.

జాతీయ అసాంక్రమిక వ్యాధుల కార్యక్రమంలో బీపీ, షుగర్‌తో పాటు ఇప్పుడు సీఓపీడీ, ఆస్తమా కూడా ఉన్నాయి. 30 ఏళ్ళు దాటినవాళ్ళ కోసం ఆశ కార్యకర్త ఇంటికొచ్చి నింపే ఫారంలో పొగ తాగుతారా, వంట దేని మీద చేస్తారు అన్న ప్రశ్నలు ఉంటాయి. మన ఆడవాళ్ళు "గ్యాస్ మీదే" అని టకీమని చెప్పేస్తారు, పరువు కోసం. నీళ్ళు కాచుకునే కట్టెల పొయ్యి పెరట్లో మండుతూనే ఉంటుంది. దాని సంగతి కూడా చెప్పాలి.

ఆంధ్రప్రదేశ్‌లో 2023లో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ పద్ధతిలో పీహెచ్‌సీ డాక్టరే 104 బండితో ఊరికి వచ్చి చూడటం మొదలుపెట్టారు. మీ ఊరికి ఏ రోజు వస్తారో ఏఎన్‌ఎంని అడిగితే చెబుతుంది. హైదరాబాద్‌లో 2018లో మొదలైన బస్తీ దవాఖానాల్లో ఒక ఎంబీబీఎస్ డాక్టరు, ఒక నర్సు ఉంటారు, నడిచి వెళ్ళేంత దూరంలో. ఆయాసం మనిషికి ఆ "నడిచి వెళ్ళేంత" అన్నది చిన్న విషయం కాదు. మెట్రో స్టేషన్ మెట్లు ఎక్కలేక చెకప్ మానేసినవాళ్ళని చూశాను.

ఇక్కడ లేనివి కూడా చెప్పాలి. స్పైరోమెట్రీ సాధారణంగా ఉండదు. రోజంతా పనిచేసే లాంగ్ యాక్టింగ్ ఇన్‌హేలర్లు దొరుకుతాయని లెక్కపెట్టుకోవద్దు. డాక్టరు బదిలీ అవుతారు, కొత్తాయన వస్తే కథ మొదటినుంచీ చెప్పాలి. కానీ ఏఎన్‌ఎం, ఆశ అంత తొందరగా మారరు. మా ఊళ్ళో అమ్మకి పోయినేడాది ఫ్లూ టీకా గురించి గుర్తు చేసింది డాక్టరు కాదు, ఏఎన్‌ఎం. టీకా బయట కొనుక్కున్నాం. గుర్తు చేసే మనిషి మాత్రం కొంటే దొరకదు.

టౌన్లో ఎంబీబీఎస్ లేదా జనరల్ ఎండీ

నా ఓటు దీనికే. అయితే ఎవరికి పడితే వారికి కాదు.

మా పక్క టౌన్లో ఒక పెద్దాయన క్లినిక్ ఉంది. అరవై దాటాయి, బోర్డు మీద ఎంబీబీఎస్ తప్ప ఇంకేమీ లేదు. అన్నయ్య డల్లాస్ నుంచి వీడియో కాల్‌లో "స్పెషలిస్టు కాదు కదరా ఆయన" అని గొణిగాడు. ఆయన అమ్మ సంచి మొత్తం బల్ల మీద పరిపించాడు. ఒక్కొక్క సీసా ఎత్తి "ఇది ఎందుకు వాడుతున్నారమ్మా?" అని అమ్మనే అడిగాడు, నన్ను కాదు. చివర్లో, "ఇంకేమైనా ఉన్నాయా? కళ్ళకీ, చెవులకీ, ఒంటికి రాసుకునేవీ, పసరు మందులూ?" అన్నాడు.

అప్పుడు చెప్పింది అమ్మ. కంట్లో నీటి ఒత్తిడి ఉందని నాలుగు నెలలుగా రోజూ చుక్కలు వేసుకుంటోంది. చల్లగా ఉంచమన్నారని ఫ్రిజ్ తలుపులో పెట్టింది. మందు కింద లెక్కే వేయలేదు, అందుకే సంచిలో లేదు. ఆయన ఫోన్లో ఆ డబ్బా ఫొటో తెప్పించుకుని చూశాడు. అందులో టిమోలాల్ ఉంది. అది బీటా బ్లాకర్, అంటే బీపీకి, గుండెకి కూడా వాడే రకం మందు. కంట్లో వేసినా కొంత రక్తంలోకి చేరుతుంది, ఊపిరి గొట్టాల్ని బిగిస్తుంది. ఆస్తమా, తీవ్రమైన సీఓపీడీ ఉన్నవాళ్ళకి వద్దనే మందు. అమ్మ ఆయాసం పెరిగిందీ సరిగ్గా నాలుగు నెలల నుంచే. ఈ నాలుగు నెలల్లో ఇన్‌హేలర్ డోసు రెండుసార్లు పెంచారు, సీటీ స్కాన్ ఒకటి తీశారు.

ఆయన చుక్కలు ఆపెయ్యమని కూడా అనలేదు. గ్లకోమా చుక్కలు మనంతట మనం ఆపితే చూపు పోతుంది. కంటి డాక్టరుకి అక్కడే ఫోన్ చేశాడు, రెండు నిమిషాలు మాట్లాడాడు, వేరే చుక్కలు రాయించాడు. మూడో వారానికి అమ్మ మేడ మెట్లు మధ్యలో ఆగకుండా ఎక్కింది. (గుండెకి వాడే కొన్ని బీటా బ్లాకర్లు సీఓపీడీ ఉన్నా వాడొచ్చు. ఇది చదివి గుండె మాత్రలు ఎవరూ ఆపెయ్యకండి. అడగండి, అంతే.)

ఈ రెండు నిమిషాల ఫోన్‌నే కోఆర్డినేటెడ్ కేర్ అనే పెద్ద పేరుతో పిలుస్తారు. నెదర్లాండ్స్‌లో 2010 నుంచి సీఓపీడీ రోగికి సంబంధించిన ఫ్యామిలీ డాక్టరు, నర్సు, చెకప్‌లు అన్నిటికీ కలిపి ఒకే మొత్తం కట్టే పద్ధతి పెట్టారు, ఎవరికి వారు బిల్లు వేసుకుని చేతులు దులుపుకోకుండా. మనకి అలాంటి ఏర్పాటు లేదు. ఇక్కడ అది ఆ మనిషి ఓపికని బట్టి నడుస్తుంది. కాబట్టి మొదటి విజిట్‌లోనే ఓపిక చూసుకోవాలి. మూడు మాటలు అడిగి చూడండి.

"నేను మందు పీల్చేది ఒకసారి చూస్తారా?" ఇది అన్నిటికంటే ముఖ్యం. పంపు ఇన్‌హేలర్ మెల్లగా పీల్చాలి, రోటాహేలర్ గట్టిగా, వేగంగా పీల్చాలి. రెండిటికీ తేడా తెలియక ఏళ్ళ తరబడి మందు నాలుక మీదే వృథా చేసుకునేవాళ్ళు ఎందరో. ముందు ఊపిరి పూర్తిగా వదిలి, పీల్చాక పది లెక్కపెట్టేదాకా బిగబట్టాలి. స్టెరాయిడ్ ఉన్నదైతే తర్వాత నోరు పుక్కిలించాలి. పెద్దవాళ్ళకి గట్టిగా పీల్చే బలం లేకపోతే పంపుకి స్పేసర్ (మందు ముందు చేరే గొట్టం లాంటి డబ్బా) తగిలించి ఇస్తారు. ఇవన్నీ డాక్టరో, ఆయన దగ్గరి కాంపౌండరో ఐదు నిమిషాలు కూర్చుని చూస్తేనే తేలతాయి.

"ఛాతీ డాక్టరు రాసింది మార్చాల్సి వస్తే వాళ్ళతో మాట్లాడతారా?" ముఖం చిట్లిస్తే మీకు సమాధానం దొరికినట్టే.

"ఆయాసం ఎక్కువైతే మీకు ఫోన్ చేయొచ్చా, ఎవరు ఎత్తుతారు?" నంబరు ఇవ్వకపోయినా పర్లేదు. "ఇలా అయితే ఇక్కడికి రండి, ఇలా అయితే నేరుగా పెద్దాసుపత్రికి వెళ్ళండి" అని కాగితం మీద రాసిస్తే చాలు.

ఈ మూడింటికీ అవునన్న ఎంబీబీఎస్, కాదన్న పెద్ద డిగ్రీ కంటే మేలు. ఇది నా అభిప్రాయం, అమ్మ మెట్లెక్కడం చూశాక గట్టిపడింది.

ఛాతీ డాక్టరు అక్కర్లేదా మరి?

కావాలి. ఏడాదికి ఒకటి రెండుసార్లు తప్పకుండా కావాలి. జబ్బు తేల్చడానికి, ఏ ఇన్‌హేలరో మొదట నిర్ణయించడానికి, ఆక్సిజన్ అవసరమా కాదా చెప్పడానికి ఆయనే సరైన మనిషి. నలభై ఏళ్ళ లోపే జబ్బు వచ్చినా, ఏడాదిలో రెండుసార్లు ఆయాసం ముదిరినా, ఒక్కసారైనా అడ్మిట్ అయినా, కళ్ళెలో రక్తం పడినా, బరువు తగ్గిపోతున్నా నేరుగా ఆయన దగ్గరికే.

ఇబ్బంది ఎక్కడంటే, మన టౌన్లలో ఛాతీ డాక్టరు ఓపీ అంటే సాయంత్రం అరవై మంది. మూడు గంటలు కూర్చుంటే నాలుగు నిమిషాలు చూస్తారు. షుగర్ సంగతి, కళ్ళ సంగతి, నిద్ర సంగతి ఆ నాలుగు నిమిషాల్లో పట్టవు, ఆయన తప్పు కాదు. నెలనెలా బీపీ చూపించుకోవడానికి ఆయన దగ్గరికి వెళ్ళడం, పెళ్ళిళ్ళు చేయించే పంతులుగారిని రోజూ దీపం పెట్టడానికి పిలిచినట్టు.

ఆయన దగ్గర్నుంచి వచ్చేటప్పుడు ఒక్కటి అడిగి రాయించుకోండి: "ఇంటి దగ్గర డాక్టరు ఏం గమనించాలి, ఎప్పుడు నా దగ్గరికి పంపాలి." రెండు వాక్యాలు చాలు. అడిగితే రాస్తారు. మనం అడగం.

కార్పొరేట్ ప్యాకేజీ

డల్లాస్ నుంచి వాట్సాప్‌లో లింకు వచ్చింది. పిల్లలు బయట దేశాల్లో, అమ్మానాన్నలు ఇక్కడ ఉన్న ఇళ్ళలో ఈ లింకు రాకుండా ఉండదు. డబ్బు పంపితే బాధ్యత కొంత తీరినట్టుంటుంది. అన్నయ్యని ఎగతాళి చేయడం లేదు. నేను అక్కడుంటే నేనూ అదే పంపేవాడిని.

మొదట వచ్చిన ప్యాకేజీలో 62 పరీక్షలున్నాయి. ఊది చూసే పరీక్ష లేదు. ఆయాసం కోసం వెళ్ళిన మనిషికి విటమిన్లు, థైరాయిడ్, కొలెస్ట్రాల్ అన్నీ చూసి ఊపిరి చూడని ప్యాకేజీ అది. రెండో చోట స్పైరోమెట్రీ, ఎకో (గుండె స్కాన్), ఛాతీ డాక్టరు, డైటీషియన్, ఫిజియోథెరపిస్టు అందరూ ఒకే పూటలో చూశారు, ఒకే ఫైలు ఇచ్చారు. నిజంగా బాగుంది. అన్నీ ఒక కప్పు కింద ఉండటం వల్ల వచ్చే లాభం అది, ఒప్పుకోవాలి. తర్వాత నెలనెలా ఫోన్ చేస్తామన్న హెల్త్ మేనేజర్ మాత్రం మొదటి నెల ఒకమ్మాయి, రెండో నెల ఇంకో అబ్బాయి, మూడో నెల ఎవరూ లేరు. అమ్మ ఇంగ్లీషులో వచ్చిన మెసేజీలు చూసి కరెంటు బిల్లనుకుంది.

ప్యాకేజీ తీసుకుంటే రోగ నిర్ధారణకి, ఏడాది చెకప్‌కి తీసుకోండి. అందులో స్పైరోమెట్రీ, ఇన్‌హేలర్ నేర్పడం, ఊపిరితిత్తులకి వ్యాయామం నేర్పే రీహాబ్ ఉన్నాయా అని ముందే అడగండి. రీహాబ్ మన దగ్గర తక్కువ చోట్ల ఉంది గానీ, సీఓపీడీలో ఆయాసాన్ని తగ్గించి నడకని పెంచడంలో దానికి మించింది దాదాపు లేదు. కుర్చీలోంచి లేచి కూర్చోవడం, కొలిచి నడవడం, ఈల వేస్తున్నట్టు పెదవులు దగ్గర చేసి నిదానంగా ఊపిరి వదలడం: ఒకసారి నేర్చుకుంటే ఇంట్లో చేసుకోవచ్చు.

ఎర్రగడ్డ లాంటి ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రులు

హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో ఛాతీ ఆసుపత్రి, మెడికల్ కాలేజీలున్న ఊళ్ళలో పల్మనాలజీ విభాగాలు. స్పైరోమెట్రీ, రక్తంలో ఆక్సిజన్ పరీక్ష, అనుభవమున్న డాక్టర్లు, అన్నీ ఉచితంగా. క్యూ పొడుగు, పొద్దున్నే వెళ్ళాలి. "టీబీ ఆసుపత్రికి ఎందుకు? చుట్టాలు ఏమనుకుంటారు?" అని అమ్మ ససేమిరా అంది. ఆ ఒక్క మాట వల్ల బోలెడు మంది ప్రైవేటులో అప్పులు చేస్తారు. అప్పు చేయాల్సి వచ్చేవాళ్ళు మొహమాటం పక్కన పెట్టి ఇక్కడికే వెళ్ళాలి.

డబ్బు సంగతి వచ్చింది కాబట్టి: తెలంగాణ ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలు అయింది, ఆంధ్రలో అదే పథకం ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో ఉంది. 70 దాటినవాళ్ళకి ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరులో వచ్చింది. ఇవన్నీ ప్రధానంగా అడ్మిట్ అయితే పనికొచ్చేవి. సీఓపీడీ ఖర్చులో నడుం విరిచేది నెలనెలా ఇన్‌హేలర్. అది జేబులోంచే పోతుంది. అందుకే డబ్బు అయిపోగానే జనం ఇన్‌హేలర్ ఆపేస్తారు, ముదిరాక అడ్మిట్ అవుతారు. చీటీ మీద కంపెనీ పేరు కాకుండా మందు పేరు రాయించుకుని జనఔషధి కేంద్రంలో ముందు అడగండి. కానీ పరికరం మారితే పీల్చే పద్ధతి మారుతుంది, కొత్తది మళ్ళీ నేర్పించుకోవాలి.

అందరూ కలిసి చూస్తే నిజంగా లాభముందా?

ఉంది, కానీ ఊరికే రాదు. కెనడాలోని క్యుబెక్‌లో 2003లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 191 మంది రోగుల్లో సగం మందికి శిక్షణ పొందిన మనిషిని కేటాయించారు. ఆ మనిషి మొదట రెండు నెలలు వారం వారం ఇంటికెళ్ళి నేర్పి, తర్వాత నెలనెలా ఫోన్ చేశారు. జబ్బు ముదిరి ఆసుపత్రిలో చేరడం 40 శాతం దాకా తగ్గింది. అదే ఊపుతో అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో ఇలాంటిదే చేస్తే, 426 మంది చేరాక మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. కార్యక్రమంలో ఉన్నవాళ్ళలో 28 మంది, లేనివాళ్ళలో 10 మంది చనిపోయారు. ఎందుకో తేలలేదు. నెదర్లాండ్స్‌లో 40 క్లినిక్‌లలో డాక్టర్లకీ నర్సులకీ కలిసి పనిచేయడం మీద శిక్షణ ఇచ్చి చూస్తే, 2014లో వచ్చిన ఫలితం ప్రకారం రోగుల జీవితంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇలాంటి 52 అధ్యయనాల్ని కలిపి 2021లో చూసినప్పుడు మాత్రం మొత్తం మీద ఆసుపత్రి పాలవడం తగ్గింది, నడవగలిగే దూరం పెరిగింది.

ఇవి చదివాక నాకు అర్థమైంది ఇది. ఇలాంటి కార్యక్రమాల్లో ఇచ్చే, ఇంట్లో యాంటీబయాటిక్, స్టెరాయిడ్ బిళ్ళలు పెట్టుకుని "ముదిరితే మీరే మొదలుపెట్టుకోండి" అనే కాగితం అందరికీ ఒకేలా ఇవ్వాల్సింది కాదు. ఫోన్ ఎత్తే మనిషి ఉన్నప్పుడే ఆ కాగితం తీసుకోండి.

ఎవరికి ఏది

ఎత్తు ఎక్కుతున్నప్పుడు మాత్రమే ఆయాసం, ఎప్పుడూ అడ్మిట్ కాలేదు: ఒకసారి ఛాతీ డాక్టరు లేదా ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రిలో ఊదించుకుని, ఆ కాగితంతో ఇంటి దగ్గరి డాక్టరుకి, లేదా పీహెచ్‌సీకి. పొగాకు ఉంటే మానడం, పొయ్యి ఉంటే మార్చడం, టీకాలు. ఇంతకంటే పెద్ద డాక్టరు ఇంతకంటే కొత్తగా చెప్పేది ఏమీ ఉండదు.

తోటివాళ్ళతో సమంగా నడవలేకపోతే, నూరు మీటర్లకోసారి ఆగాల్సి వస్తే: టౌన్ డాక్టరు సంచికి యజమాని, ఛాతీ డాక్టరు ఏడాదికి రెండుసార్లు, వీలైన చోట రీహాబ్. గుండె, షుగర్ కూడా ఉన్నవాళ్ళకి ఎంబీబీఎస్ కంటే జనరల్ ఎండీ నయం.

బట్టలు మార్చుకుంటేనే ఆయాసం వస్తే, లేదా కూర్చున్నప్పుడు కూడా ఆక్సీమీటర్ 88, అంతకన్నా తక్కువే చూపిస్తుంటే: ఛాతీ డాక్టరే ముందు. ఇంట్లో ఆక్సిజన్ పెట్టాలంటే రక్త పరీక్ష చేసి నిర్ణయించాలి, పెడితే రోజుకి కనీసం 15 గంటలు వాడాలి. ఆయాసం అనిపించినప్పుడు పది నిమిషాలు ముక్కుకి పెట్టుకుని తీసేస్తే ఆ లాభం రాదు. ఇలాంటివాళ్ళకి సిలిండర్ల కంటే కరెంటుతో నడుస్తూ గాలిలోంచి ఆక్సిజన్ తీసిచ్చే కాన్సన్‌ట్రేటర్ అగ్గువ పడుతుంది, కరెంటు పోయేటప్పటికి ఒక చిన్న సిలిండర్ ఉంటే చాలు. ఆ గదిలో దీపం, అగరుబత్తి, బీడీ ఏదీ వద్దు.

ఊళ్ళో ఒక్కరే ఉండే పెద్దవాళ్ళకి మాత్రం డాక్టరు ఎవరన్నదాని కంటే ఆశ కార్యకర్తకీ, పక్కింటివాళ్ళకీ విషయం తెలియడం ముఖ్యం.

ఇక పుస్తకం

ఎవర్ని ఎంచుకున్నా సంచి బదులు ఒక నోటు పుస్తకం పెట్టండి. మా అమ్మది వంద పేజీల స్కూలు పుస్తకం, అట్ట మీద పెద్దక్షరాలతో "ఊపిరి" అని రాసుకుంది. మొదటి పేజీలో జబ్బు పేరు, ఊదిన పరీక్ష తేదీ, అంకెలు. రెండో పేజీలో వాడే మందులన్నీ, పొద్దున, రాత్రి. మూడో పేజీలో "మామూలుగా నా ఆక్సిజన్: 93." కరోనా రోజుల్లో కొన్న ఆక్సీమీటర్ అందరి బీరువాల్లో ఉంది, బాగున్న రోజు పెట్టి మీ మామూలు అంకె రాసి ఉంచండి. అది తెలియకపోతే 91 చూసి ఇల్లంతా టెన్షన్ పడుతుంది, లేదా 86 చూసి కూడా "పర్లేదులే" అనుకుంటుంది. అదే పేజీలో ఎర్ర సిరాతో: "108 వాళ్ళకి సీఓపీడీ అని చెప్పాలి." ఈ జబ్బులో ఆక్సిజన్‌ని 88 నుంచి 92 మధ్య ఉంచాలని చూస్తారు. వంద రావాలని ఎక్కువ పెడితే కొందరికి రక్తంలో బొగ్గుపులుసు వాయువు పేరుకుని మగతలోకి వెళ్తారు.

మాట తడబడినా, పెదవులు నీలంగా మారినా, మగతగా ఉన్నా పుస్తకం తీయకండి, ఫోన్ తీయండి.

కొత్త డాక్టరు దగ్గరికి మొదటిసారి వెళ్ళేటప్పుడు ఆ పుస్తకం, పాత ఎక్స్‌రేలు, ఇన్‌హేలర్ పరికరాలు అన్నీ పట్టుకెళ్ళండి. బయల్దేరే ముందు ఫ్రిజ్ తలుపు కూడా ఒకసారి తెరిచి చూడండి.